కరెంటు బట్టీకి ఒక్క రిలే చాలదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మన ఊళ్లలో కుమ్మరి పని చేసేవాళ్లు, టెర్రకోట నగలు చేసే అమ్మాయిలు, చిన్న సిరామిక్ స్టూడియో పెట్టుకున్న కుర్రాళ్లు కరెంటు బట్టీల వైపు వస్తున్నారు. రెడీమేడ్ బట్టీ రేటు చూసి వెనక్కి తగ్గి, ఇన్సులేషన్ ఇటుకలు పేర్చి, వేడెక్కే కాంథాల్ తీగతో కాయిల్ చుట్టి, దానికో చిన్న కంప్యూటర్ బోర్డు తగిలించి సొంతంగా కట్టుకుంటున్నారు. మంచి పనే, వాళ్లను వద్దనడానికి నేను రాయడం లేదు. నేను ప్యానెల్ బోర్డులు కట్టే పనిలో ఉన్నాను. ఇలాంటి బట్టీలకు కంట్రోల్ పెట్టి ఇస్తుంటాను, పాడైనవి బాగు చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చిన సొంత బట్టీల్లో చాలావాటిలో ఒకే లోపం కనిపిస్తోంది. షెడ్డు తగలబెట్టగల లోపం అది. వేడిని ఆపే బాధ్యత మొత్తం ఒక్క సాలిడ్ స్టేట్ రిలే (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్) మీద పెట్టేస్తున్నారు. ఆ రిలే పోయేటప్పుడు చాలాసార్లు ఆఫ్ అయి పోదు, ఆన్‌లోనే ఇరుక్కుని పోతుంది. అప్పుడు కంప్యూటర్ ఎంత ఆపమన్నా కాయిల్‌కు కరెంటు పోతూనే ఉంటుంది.

అసలు బట్టీకి కంప్యూటర్ ఎందుకు అని అడిగే పెద్దవాళ్లున్నారు. వాళ్లు అడగడంలో తప్పు లేదు. ఆవం కాల్చే పెద్ద కుమ్మరి లోపలి రంగు చూసి వేడి చెప్పేస్తాడు. చిక్కటి ఎరుపు, తర్వాత చెర్రీ ఎరుపు, 900 దాటాక నారింజ, 1100 దగ్గర పసుపు. ఆ కన్ను ఏళ్ల తరబడి పని చేస్తే వస్తుంది, నాకు రాలేదు. కానీ గ్లేజ్ (గాజులాంటి పూత) వేసిన సామానుకు ఆ అంచనా సరిపోదు, పదిహేను ఇరవై డిగ్రీల తేడాకే గ్లేజ్ కారిపోవడమో, మెరుపు రాకపోవడమో జరుగుతుంది. ఇంకొకటి, కాల్పులో చివరి వేడి ఒక్కటే ముఖ్యం కాదు, అక్కడికి ఎంత వేగంతో ఎక్కామన్నదీ లెక్కే. మట్టిలో మిగిలిన తడి వంద డిగ్రీలు దాటేలోపు నెమ్మదిగా పోవాలి, తొందరపెడితే ఆవిరి కుండను లోపలి నుంచి పగలగొడుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అక్కడే తగ్గుతుంది, పగుళ్లు చాలా వరకు అక్కడ వచ్చేవే. గంటకు 80 డిగ్రీల చొప్పున 90 వరకు ఎక్కి ఓ గంట ఆగు, తర్వాత గంటకు 100 చొప్పున 600 దాటే దాకా పో, ఆపైన కాస్త వేగంగా 1000కి ఎక్కి పావుగంట నిలబడు అని చెబితే విసుగు లేకుండా రాత్రంతా చేసిపెట్టేది కంప్యూటరే. దానికి కావాల్సినవి రెండు, వేడి ఎంతుందో చెప్పే సెన్సర్, కరెంటు ఇచ్చి ఆపే రిలే.

ముందు సెన్సర్ సంగతి. సాధారణంగా వాడేది కె టైప్ థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల తీగలు కొసన అతికి ఉంటాయి, ఆ కొసకూ రెండో చివరకూ మధ్య వేడి తేడా ఉంటే చిన్న వోల్టేజీ పుడుతుంది. చిన్న అంటే నిజంగానే చిన్నది. కొస 1000 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కూడా అది 41 మిల్లీవోల్టుల చిల్లరే, అంటే డిగ్రీకి 0.04 మిల్లీవోల్టు. ఇంత సన్నటి సిగ్నల్‌ను 230 వోల్టుల కాయిల్ వైర్లతో కలిపి కట్టేసి, రీడింగ్ ఎగిరి గంతులేస్తోందని సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతుకుతారు. థర్మోకపుల్ వైరు వేరే దారిలో రావాలి. కరెంటు వైరును దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి, పక్కపక్కనే పోకూడదు.

థర్మోకపుల్ హెడ్ (బట్టీ బయట తీగలు కలిపే డబ్బా) నుంచి బోర్డు దాకా మామూలు రాగి వైరు వేయడం నేను ఎక్కువగా చూసే రెండో పొరపాటు. బట్టీ గోడ పక్కన ఉన్న హెడ్ 70 డిగ్రీలు ఉందనుకోండి, దూరంగా ఉన్న బోర్డు 35 డిగ్రీలు ఉందనుకోండి. బోర్డు తన దగ్గరి 35నే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి మీ రీడింగ్ 35 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, బట్టీ లోపల మాత్రం మీరు అనుకున్నదానికంటే 35 ఎక్కువ వేడి ఉంటుంది. కె టైప్‌కు సరిపోయే కాంపెన్సేటింగ్ కేబులే చివరి దాకా వేయాలి, మధ్యలో పెట్టే కనెక్టర్ కూడా ఆ రకానిదే ఉండాలి. ప్లస్సు మైనస్సు తారుమారైతే ఇంకా ప్రమాదం, బట్టీ వేడెక్కేకొద్దీ రీడింగ్ కిందికి దిగుతుంది, కంట్రోలర్ ఇంకా చల్లగా ఉందనుకుని ఫుల్ పవర్ ఇస్తుంది. రంగు చూసి కలపబోతే అమెరికన్ పద్ధతి కేబుల్‌లో పసుపు ప్లస్సు, ఎరుపు మైనస్సు. మన చేతికి ఎరుపు అంటే ప్లస్సు అని అలవాటు. ఐఈసీ అనే అంతర్జాతీయ పద్ధతిలో ఆకుపచ్చ ప్లస్సు, తెలుపు మైనస్సు. అనుమానం వస్తే చిన్న అయస్కాంతం పెట్టి చూడండి, కొద్దిగా అంటుకునే తీగ మైనస్సు.

థర్మోకపుల్ కొస గోడ లోపలి ముఖం దాటి ఒక అంగుళం, అంగుళంన్నర బట్టీలోకి రావాలి. గోడ మందంలోనే ఆగిపోతే అది ఇటుక వేడి చెబుతుంది, కుండ వేడి చెప్పదు. కాయిల్‌కు ఆనుకోకూడదు, షెల్ఫ్‌కు తగలకూడదు, తలుపు సందు దగ్గర పెట్టకూడదు. చుట్టూ ఉన్న ఖాళీలో సిరామిక్ ఫైబర్ కూరాలి, లేకపోతే ఆ రంధ్రం లోంచి వేడి గాలి బయటికి తన్ని హెడ్డునే కాల్చేస్తుంది. తీగలు పింగాణీ లేదా అల్యూమినా ట్యూబులో ఉంటే గ్లేజ్ ఆవిర్ల నుంచి రక్షణ. కొస లోహపు తొడుగుకు అతికి ఉన్న రకం కొనకండి. 1000 డిగ్రీలు దాటాక ఇన్సులేషన్ ఇటుక కూడా కొద్దిగా కరెంటు మోస్తుంది, ఆ లీకేజీ నేరుగా మీ సెన్సర్ సిగ్నల్‌ను చదివే చిప్ దాకా వస్తుంది.

చిప్ ఎంపికలో కూడా చౌకకు పోయి ఇబ్బంది పడుతున్నారు. మాక్స్ 6675 అనే చిప్ 1024 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, దాన్ని మట్టి బట్టీకి పెట్టి 1000 డిగ్రీల కాల్పు చేయడం గోడ అంచున నడవడమే. మాక్స్ 31855 అంతకంటే పైకి చదవగలదు, పైగా తీగ తెగినా, ఎర్త్‌కు తగిలినా, సప్లైకి తగిలినా ఆ విషయం చెబుతుంది. మాక్స్ 31856 అయితే ఎస్, ఎన్ లాంటి వేరే రకం థర్మోకపుల్స్ కూడా చదువుతుంది, కరెంటు లైను నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొదను వడగడుతుంది. 1200 దాటి తరచుగా కాల్చేవాళ్లకు కె టైప్ నమ్మకమైనది కాదు, వాడేకొద్దీ రీడింగ్ జరుగుతుంది, వాళ్లు ప్లాటినం తీగ ఉన్న ఎస్ టైప్‌కు ఖర్చు పెట్టుకోవాల్సిందే. ఎవరైనా సరే బట్టీ కొత్తగా కట్టాక సెన్సర్‌ను ఒకసారి ముక్కలు చేసిన ఐస్ కలిపిన నీళ్లలో ముంచి సున్నా చూపిస్తోందా, మరుగుతున్న నీళ్లలో వందకు దగ్గరగా వస్తోందా చూసుకోవాలి. ఇది వైరింగ్ సరిగ్గా ఉందని చెబుతుంది, పై వేడి గురించి ఏమీ చెప్పదు. పై వేడికి సిరామిక్ కోన్, అంటే తగిన వేడి తగలగానే మెత్తబడి వంగే చిన్న శంకువు, పెట్టాలి. 04 నంబరు ఆర్టన్ కోన్ దాదాపు 1060 డిగ్రీల దగ్గర వంగుతుంది. కోన్ వంగింది, స్క్రీన్ మీద 1020 ఉంది అంటే నమ్మాల్సింది కోన్‌నే, ఎందుకంటే అది వేడితో పాటు ఆ వేడిలో ఎంతసేపు ఉన్నదీ కలిపి చెబుతుంది. మట్టికి కావాల్సింది కూడా అదే.

ఇప్పుడు రిలే. నీలం రంగు చిన్న రిలే మాడ్యూల్ మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. 3 కిలోవాట్ల బట్టీ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది, అక్కడే అది చాలదు. బట్టీని ఇరవై సెకన్లకోసారి ఆన్ ఆఫ్ చేస్తారనుకుంటే ఎనిమిది గంటల కాల్పులో 1,440 సార్లు. అలాంటి చిన్న రిలే ఫుల్ లోడ్ మీద లక్ష సార్లకు తయారైతే డెబ్బై కాల్పులకు దాని ఆయుష్షు అయిపోయినట్టే. అదీ మంచి రిలే అయితే. అందుకే అందరూ సాలిడ్ స్టేట్ రిలేకు వస్తారు, అందులో కదిలే భాగం లేదు, అరుగుదల లేదు, రెండు సెకన్లకోసారి ఆన్ ఆఫ్ చేసినా బాధపడదు. దాని శత్రువు వేడి. ఆంపియర్‌కు ఒకటి, ఒకటిన్నర వాట్ల చొప్పున అది తానే వేడి పుట్టిస్తుంది కాబట్టి 13 ఆంపియర్ల దగ్గర పదిహేను ఇరవై వాట్ల వేడి గంటల తరబడి బయటికి పోవాలి. వేడిని లాగేసే అల్యూమినియం హీట్ సింక్, మధ్యలో థర్మల్ పేస్ట్, గాలి ఆడే డబ్బా లేకుండా దాన్ని మూసిన ప్లాస్టిక్ డబ్బాలో, అదీ బట్టీ గోడకే బిగిస్తే ఎన్నాళ్లు ఉంటుంది? లోడ్ 13 ఉంటే 40 రాసి ఉన్నది వాడండి, పైన రాసిన నంబరును సగానికే నమ్మండి. వైరు కొసన లగ్ సరిగ్గా నొక్కి బిగించకపోతే, టెర్మినల్ స్క్రూ వదులైతే అక్కడ పుట్టే వేడి కూడా రిలే ఖాతాలోకే పోతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా అది పోతుంది. పోయినప్పుడు ఎలా ఉంటుందో ఒక బట్టీ దగ్గర చూశాను, ఊరు పేరు రాయను. ఎర్రమట్టి సామాను 980కి సెట్ చేసి రాత్రి పడుకున్నారు. తెల్లారి నన్ను పిలిచేసరికి స్క్రీన్ మీద ప్రోగ్రాం ఎప్పుడో పూర్తయింది, అవుట్‌పుట్ సున్నా. రిలే మీద ఎర్ర లైటు కూడా ఆరిపోయి ఉంది. క్లాంప్ మీటర్ పెడితే మాత్రం కాయిల్ నిండా కరెంటు పోతోంది. మెయిన్ దింపి, రిలే విప్పి, మల్టీమీటర్‌తో అవుట్‌పుట్ రెండు స్క్రూల మధ్య కొలిస్తే దాదాపు సున్నా ఓమ్స్, ఇన్‌పుట్ వైపు ఏ వైరూ లేకుండానే. లోపల కుండలు ఒకదాన్నొకటి అంటుకుని షెల్ఫ్ మీద ముద్దయిపోయాయి, మన ఎర్రమట్టి చాలావరకు 1150, 1200 దగ్గర కరగడం మొదలుపెడుతుంది. కాయిల్ ఒకచోట గాడిలోంచి జారి ఇటుకలోకి దిగబడిపోయింది. పైన రేకుల కప్పుకు కట్టిన వెదురు నల్లబడింది. దాన్ని కట్టిన కుర్రాడు తెలివైనవాడు, ప్రోగ్రాం చక్కగా రాసుకున్నాడు, గ్రాఫ్ ఫోన్‌లో కనపడేలా పెట్టుకున్నాడు. ఆ గ్రాఫ్‌లో వేడి 980 దాటి పైకి పోతున్నట్టు తెల్లవారే దాకా గీత గీసి ఉంది. కంప్యూటర్‌కు అంతా తెలుసు, ఆపడానికి దాని చేతిలో ఇంకో స్విచ్ లేదు, అంతే.

ఆ ఇంకో స్విచ్ పెట్టమనే నా మొర. సాలిడ్ స్టేట్ రిలే కంటే ముందు మామూలు పవర్ కాంటాక్టర్ (అయస్కాంతంతో పనిచేసే పెద్ద స్విచ్) ఒకటి, ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంచేది వేయండి. ఈ కాంటాక్టర్ కాల్పు మొదట్లో ఒకసారి ఎత్తుకుంటుంది, చివర్లో ఒకసారి పడిపోతుంది, అందుకని అరిగిపోయే గొడవ లేదు. కాంటాక్టర్ సొంత కాయిల్ సర్క్యూట్‌ను బోరు మోటారు స్టార్టర్‌లో లాగే స్టార్ట్ స్టాప్ బటన్లతో, హోల్డింగ్ కాంటాక్ట్‌తో (స్టార్ట్ వదిలాక కాంటాక్టర్‌ను నిలబెట్టి, కరెంటు పోతే వదిలేసేది) కట్టండి, మన ఊరి ఏ ఎలక్ట్రీషియన్ అయినా కట్టగలడు. ఆ లైనులో సిరీస్‌గా తలుపు తెరవగానే తెగే లిమిట్ స్విచ్ ఒకటి, చేత్తో గుద్ది ఆపే ఎర్ర బటన్ ఒకటి, అన్నిటికంటే ముఖ్యంగా కంప్యూటర్‌తో ఏ సంబంధమూ లేని ఒక డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్ అలారం కాంటాక్ట్ ఒకటి. ఆ కంట్రోలర్‌కు దాని సొంత థర్మోకపుల్ ఉండాలి, కంప్యూటర్ వాడే సెన్సర్‌నే దీనికీ పంచితే రెండూ ఒకేసారి గుడ్డివవుతాయి. మీ కాల్పు 1000 అయితే దీన్ని 1040కి సెట్ చేసి వదిలేయండి. లోపల ఏం జరిగినా అక్కడ కాంటాక్టర్ పడిపోతుంది, మనిషి వచ్చి స్టార్ట్ నొక్కేదాకా మళ్లీ ఎత్తుకోదు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల ఈ సామాన్లన్నీ దొరుకుతాయి, మొత్తం కలిపినా ఒక్కసారి పాడైన సామాను, కాయిల్, షెల్ఫ్ ఖర్చుకంటే తక్కువే. పెట్టాక మర్చిపోకుండా అప్పుడప్పుడూ ఆ లిమిట్‌ను 200కి దించి బట్టీ నిజంగా ఆగుతోందో లేదో చూసుకోండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు ప్రోగ్రాం తనంతట తాను కొనసాగాలని కొందరు హోల్డింగ్ కాంటాక్ట్ వద్దంటారు. నేను ఒప్పుకోను. సగంలో ఆగిన మట్టి సామాను మొదటి కాల్పును మర్నాడు మళ్లీ కాల్చుకోవచ్చు. మనిషి లేని షెడ్డులో అర్ధరాత్రి తనంతట తాను వెలిగే బట్టీని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?

ప్రోగ్రాం రాసేవాళ్లకు రెండు మాటలు. సెన్సర్ తీగ తెగిందని చిప్ చెబితే వెంటనే అవుట్‌పుట్ ఆపేయండి, పాత రీడింగ్‌తో నడిపించకండి. తీగ తెగకుండా సెన్సర్ బట్టీలోంచి జారి బయట పడితే చిప్ ఏమీ చెప్పదు, గది వేడి చూపిస్తూ కూర్చుంటుంది, అందుకని ఫుల్ పవర్ ఇచ్చి పది నిమిషాలైనా వేడి ఎక్కకపోతే ఆపేయాలి అన్న షరతు పెట్టండి. బోర్డు హ్యాంగ్ అయితే పిన్ను ఆన్‌లోనే ఉండిపోవచ్చు, హ్యాంగ్ అయిన బోర్డును తనంతట తాను రీస్టార్ట్ చేసే వాచ్‌డాగ్ పెట్టండి. కొన్ని రిలే మాడ్యూళ్లు సిగ్నల్ సున్నా అయితేనే ఆన్ అవుతాయి, అలాంటిది వాడితే బోర్డు స్టార్ట్ అవుతున్న ఆ కొన్ని సెకన్లు బట్టీ ఆన్‌లో ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై, ఈఎస్‌పీ32 లాంటి చిన్న బోర్డుల పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు, సాలిడ్ స్టేట్ రిలే అడిగేది కనీసం 3. ఆ చివరంచున నడపకుండా మధ్యలో చిన్న ట్రాన్సిస్టర్ పెట్టి 5 లేదా 12 వోల్టులతో నడపండి, ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ కట్టండి, బోర్డు నోరు మూసుకున్నప్పుడు రిలే ఆఫ్‌లో ఉంటుంది.

మన పల్లెల వోల్టేజీ గురించి కూడా చెప్పాలి. 230 ఉండాల్సినది సాయంత్రం పూట 190కి దిగితే బట్టీ పవర్ దాదాపు మూడో వంతు పోతుంది, ఎందుకంటే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. అప్పుడు గంటకు 100 ఎక్కాల్సిన బట్టీ 60 కూడా ఎక్కదు, కాయిల్ పాతబడి రెసిస్టెన్స్ పెరిగితే ఇంకా తగ్గుతుంది. ప్రోగ్రాం గడియారం చూసుకుని ముందుకు పోకుండా, వేడి వెనకబడితే ఆగి కలుపుకునేలా రాయాలి.

ఇక ఎర్త్. బట్టీ రేకు బాడీకి ఎర్త్ లేకుండా నడిపేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. ఎర్త్ వేసి, కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టండి. కొత్త ఫైబర్, ఇటుక తడి పీల్చుకుని ఉంటే మొదటి ఒకటి రెండు సార్లు ట్రిప్ అవుతుంది, దాన్ని తీసి పారేయడం పరిష్కారం కాదు, ముందు బట్టీని ఆరబెట్టాలి. సాలిడ్ స్టేట్ రిలే ఆఫ్‌లో ఉన్నా కొద్ది లీకేజీ కరెంటు పోతూనే ఉంటుంది, కాబట్టి మెయిన్ దింపకుండా కాయిల్ ముట్టుకోవద్దు.

ప్రభుత్వానికి ఒక మాట మీ పత్రిక ద్వారా చెప్పాలనుకుంటున్నాను. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో కుమ్మరి వృత్తి ఉంది. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల స్టయిపెండు, టూల్‌కిట్‌కు 15,000 రూపాయల దాకా, తక్కువ వడ్డీకి రుణం ఇస్తున్నారు. ఆ రుణంతో కరెంటు బట్టీ కొనేవాళ్లకు గానీ కట్టుకునేవాళ్లకు గానీ శిక్షణలో ఒక పూట ఈ విషయానికి కేటాయించాలి. సెన్సర్ ఎక్కడ పెట్టాలి, రెండో కట్ ఆఫ్ ఎలా కట్టాలి, చెడిపోయిన రిలేను మల్టీమీటర్‌తో ఎలా గుర్తుపట్టాలి, ఈ మూడూ చేత్తో చేయించాలి. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ నేర్పే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, అలాంటి చోట నెలకో రోజు చిన్న బట్టీల వాళ్లు తమ థర్మోకపుల్ తెచ్చి సరిచూసుకునే ఏర్పాటు చేస్తే ఎంతమందికో ఉపయోగం. బట్టీలు తయారు చేసి అమ్మేవాళ్లు రెండో కట్ ఆఫ్‌ను అదనపు ఖర్చని విడిగా అమ్మకుండా బట్టీతో పాటే ఇవ్వాలి. కొనేవాళ్లు కూడా డబ్బు కట్టే ముందు, ఈ రిలే ఆన్‌లో ఇరుక్కుంటే బట్టీని ఏది ఆపుతుంది అని అడగండి. జవాబుగా చేత్తో చూపించగలిగే వస్తువు ఒకటి ఉండాలి.

ఉత్తరం పొడుగైందని తెలుసు. మొత్తం వేయడానికి చోటు లేకపోతే, కాంటాక్టర్ గురించి, విడి థర్మోకపుల్ ఉన్న కంట్రోలర్ గురించి రాసిన పేరా ఒక్కటైనా వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్యానెల్ బోర్డు మెకానిక్,
తూర్పుగోదావరి జిల్లా